హన్మకొండల ఉప్పునీళ్ల చేపల షాపు: చేపకంటే ముందు చిల్లర్ కొనుమన్నడు

వరంగల్‌ల ఉప్పునీళ్ల ట్యాంక్ పెట్టేటోళ్లే తక్కువ, తెలిసి చెప్పేటోళ్లు ఇంకా తక్కువ, అందుకే ఈ షాపు గురించి రాస్తున్న.

పోయిన ఎండకాలం వేరే ఒక షాపుల క్లౌన్ ఫిష్ జంట, ఒక బబుల్ టిప్ అనిమోన్ తెచ్చిన. అనిమోన్ అంటే పువ్వోలె కనపడే సముద్రపు జీవి, క్లౌన్ ఫిష్‌కు గదే ఇల్లు. నీళ్లు చల్లగుండాలె అని వాళ్లు ఒక్క ముక్క చెప్పలే. రోహిణి కార్తె, రోళ్లు పగిలే ఎండ, మీదికెళ్లి కరెంట్ పోవుడు, ట్యాంక్ నీళ్లు 32 డిగ్రీలకు పోయినయి. వారం తిరిగేసరికి అనిమోన్ తెల్లగ పాలిపోయి ముడుచుకపోయింది. చేపలు మాత్రం దాన్ని ఇడిచిపెట్టలే, ఆ తెల్ల ముద్ద చుట్టే తిరిగినయి, చూసి మా బిడ్డ ఏడ్చింది.

ఫోన్‌ల ఫోటో పట్టుకొని ఈ షాపుకు పోయిన. అన్న కొత్తది అమ్ముదామని చూడలే, కుర్సీ ఏసి కూసోబెట్టి చెప్పిండు. అనిమోన్ ఒంట్ల కంటికి కనపడని నాచు ఉంటదంట, అది వెలుతురుతోని తిండి తయారుచేసి అనిమోన్‌కు పెడతది, వేడి ఎక్కువైతే ఆ నాచు బయటికి పోతది, ఆ తెలుపు గదే. సముద్రంల రాళ్లోలె పెరిగే పగడాలు గూడ జీవాలే, వాటికి గూడ గంతే, మామూలు ఎండకాలం వేడి కంటే ఒక్క డిగ్రీ ఎక్కువై కొన్ని వారాలు అట్లనే ఉంటే తెల్లబడతయి, 2024ల లక్షద్వీప్‌ల అయింది అదే.

"మరి సముద్రంల చేపలు చల్లటి దిక్కు పోతయి గదన్నా?" అని అడిగిన.

"చేప పోతది, ఇల్లు గూడ పోవద్దా తమ్మీ?" అన్నడు.

ఆ మాట మనసుల పడి ఇంటికొచ్చి మస్తు చదివిన. జపాన్‌ల 80 ఏండ్ల రికార్డులు చూసి, కొన్ని పగడాలు ఏడాదికి 14 కిలోమీటర్ల దాకా ఉత్తరం దిక్కు జరిగినయని 2011ల తేల్చిన్రు. కానీ క్లౌన్ ఫిష్ పిల్ల గుడ్డుల నుంచి వచ్చినంక పది పన్నెండు రోజులే నీళ్లల్ల కొట్టుకపోతది, ఆలోపల అనిమోన్ దొరకాలె, లేకుంటే పెద్ద చేపల నోట్లెకే. అంటే అనిమోన్ ముందే ఆడికి చేరి ఉండాలె, దాని నాచుకు సరిపోను వెలుతురు ఉండాలె, ఉత్తరానికి పోయినకొద్ది చలికాలం వెలుతురు తగ్గుతది, నీళ్లు వేడైనంత మాత్రాన సూర్యుడు జరగడు గద. పోకుండ ఉన్నకాడ ఉన్నా బాధనే. 2016ల పసిఫిక్ సముద్రం నీళ్లు వేడెక్కిన ఎల్ నినో టైమ్‌ల, ఆ సముద్రంలనే తాహితి పక్కన మూరియా దీవి కాడ తెల్లబడ్డ అనిమోన్లల్ల ఉన్న క్లౌన్ ఫిష్‌లు పెట్టే గుడ్లు 73 శాతం తగ్గినయి, అవే నీళ్లల్ల తెల్లబడని అనిమోన్లల్ల ఉన్నయి బాగనే పెట్టినయి.

ఇగ షాపు సంగతి. ముందు చిల్లర్, అంటే ట్యాంక్ నీళ్లు చల్లబరిచే మిషన్, బిగించి 26 డిగ్రీల మీద పెట్టిండు, చిన్న ఇన్వర్టర్ గూడ పెట్టిచ్చిండు, నెల రోజులు నీళ్లు నిలకడగ ఉన్నంకనే అనిమోన్ ఇచ్చిండు. క్లౌన్ ఫిష్ హ్యాచరీలల్ల పెంచినయే తెస్తడు, సముద్రంల పట్టినయి తేడు. నా ముందే ఒకాయన బతికున్న పగడం అడిగితే వన్యప్రాణి చట్టం కింద అమ్మొద్దు అని మొఖం మీదనే చెప్పిండు, అది నాకు బాగ నచ్చింది. నీళ్ల టెస్టుకు పైసలు తీసుకోడు. చిల్లర్ మాత్రం వారం అని చెప్పి మూడు వారాలకు తెచ్చిండు, ఆదివారం ఫోన్ ఎత్తడు, అందుకే ఐదుకు నాలుగు స్టార్లు.

ఇయ్యాల బయట 43, ట్యాంక్‌ల 26. పాత జంటనే, కొత్త అనిమోన్ పక్కన రాయి మీద నారింజ రంగు గుడ్లు పెట్టినయి, మగది రెక్కలతోని వాటికి గాలి ఇసురుతాంది.