నాలుగు రంగులతో ముఖాల బొమ్మలు: మూడేళ్లు వాడాక

ఆయిల్ రంగుల్లో ముఖాలు వేయడం నేర్చుకుందామని మొదట్లో పాతిక ట్యూబులు కొన్నాను. చామనఛాయ ఒక్కసారీ కుదరలేదు, బురద మాత్రం రకరకాలుగా వచ్చింది. విసుగొచ్చి వాటిని అటక ఎక్కించి, స్వీడన్ చిత్రకారుడు ఆండర్స్ జోర్న్ పేరుతో చెప్పుకునే నాలుగు రంగులకు మారాను: తెలుపు, ఎల్లో ఓకర్ (మట్టి పసుపు), ఎరుపు, ఐవరీ బ్లాక్. 1896లో ఆయన వేసుకున్న స్వీయచిత్రంలో పాలెట్ (రంగులు కలుపుకునే పలక) మీద కనిపించేవి ఇవే. ఆయన ఎరుపు వెర్మిలియన్, నాది కాడ్మియం రెడ్ లైట్.

మన ఒంటి రంగులకు ఈ సెట్ భలే సరిపోతుంది. ఓకర్, ఎరుపు కలిపి చిటికెడు నలుపు తగిలిస్తే చామనఛాయ దానంతటదే వస్తుంది. నన్ను ఆశ్చర్యపరిచింది నలుపే. తెలుపుతో కలిపి ఎర్రటి చెంప పక్కన పెడితే నీలంలా కనిపిస్తుంది. నాన్న గడ్డం గీసుకున్న దవడ అలాగే వచ్చింది. ఓకర్‌తో కలిపితే ముదురు ఆకుపచ్చ.

కానీ ఈ నలుపు ఆరడంలో మహా మొండి. ఒకసారి జుట్టుకు అవిసె నూనె బాగా కలిపిన నలుపు వేసి, దాని మీద టర్పెంటైన్‌తో పలచన చేసిన రంగు పూశాను. కొన్ని నెలలకు పై పొర బీటలిచ్చింది. కింది పొరలో నూనె తక్కువ, పైన ఎక్కువ ఉండాలని చదివే ఉన్నాను, తొందర! ఇప్పుడు తొలి పొర బర్న్ట్ అంబర్ అనే ముదురు గోధుమ రంగుతో వేస్తున్నాను, త్వరగా ఆరుతుంది. ఐదో ట్యూబు కదా అంటే, అవును, దొంగాటే.

ఎరుపు కొనేటప్పుడు ట్యూబు మీద 'హ్యూ' అని ఉందేమో చూడండి. అది అసలు కాడ్మియం కాదు. చవకని నేను కొన్నది తెలుపులో పడగానే గులాబీ అయిపోయింది. నూనె తుడిచిన గుడ్డలు ఉండచుట్టి పడేయకండి, వాటంతటవే వేడెక్కి అంటుకోవచ్చు. నేను నీళ్లలో ముంచి, మూత ఉన్న రేకు డబ్బాలో వేస్తాను.

అసలు చిక్కు అమ్మమ్మ బొమ్మ దగ్గర వచ్చింది. ముఖం మూడు పూటల్లో కుదిరింది. పసుపు రాసిన చెంపలకు ఓకర్, బొట్టుకు ట్యూబులోంచి నేరుగా ఎరుపు. చీరేమో నెమలికంఠం రంగు పట్టుది. నలుపు తెలుపులతో ఎన్ని పాట్లు పడ్డా వెలిసిపోయిన గుడ్డలాగే ఉంది. "ఈ చీర నాకెప్పుడు కొన్నావురా?" అంది. మర్నాడే ప్రష్యన్ బ్లూ తెచ్చాను.

చీర చూసి తలూపింది గానీ, "ముక్కుపుడక ఏదిరా?" అంది. తెలుపు చిక్కగా ఒక్క చుక్క పెట్టాను.