ఒడిశా రాయగడలో జీఎస్టీ, ఐటీ (ఇన్‌కంటాక్స్) పనులకి నేను వెళ్ళే మేస్టారి ఆఫీసు - 5 కి 4

ముందే చెప్పేస్తున్నా, ఇందులో పొగడ్తలతో పాటు తిట్లు కూడా ఉన్నాయి. ఆయన పేరు రాయొద్దన్నారు కాబట్టి రాయట్లేదు, రాయగడ మార్కెట్లో నిటారు మెట్లెక్కి పైకెళ్తే ఒక చిన్న గది, బయట ఒడియాలోను తెలుగులోను చేత్తో రాసిన బోర్డు, తెలిసినోళ్ళకి తెలిసిపోద్ది. ఒకప్పుడు మిల్లులో అకౌంట్స్ చూసేవారు, అందరం మేస్టారనే అంటాం.

నాది స్టీలు సామాన్ల కొట్టు, ఏడాదికి 30 లక్షల దాకా అమ్మకం ఉంటాది. ఇంతకుముందు నా ఫైలు ఇంకొకతను చూసేవాడు, అతను ఓటీపీ అడిగేవాడు నేను చెప్పేవాణ్ణి, ఫీజు ఫోన్‌పే కొట్టేవాణ్ణి, లోపల ఏం నింపుతున్నాడో నేనెప్పుడూ అడగలేదు, తప్పు నాదే. పోయినేడు లోను కోసం బ్యాంకుకెళ్తే మూడేళ్ళ రిటర్న్స్ తెమ్మన్నారు, తీసి చూస్తే మూడేళ్ళూ ఆదాయం 2,49,000. ఒక్క రూపాయి అటూ ఇటూ లేదు. బ్యాంకాయన కాయితాలు చూసి నవ్వీసి, ఇంత ఆదాయంతో ఇంత కిస్తీ ఎలా కడతారండీ అన్నాడు, లోను పోయింది.

అప్పుడు మా తమ్ముడు మేస్టారి దగ్గరికి తీసుకెళ్ళాడు. ఆయన ముందు కంప్యూటర్ ముట్టుకోలేదు, తెల్లకాయితం తీసి నాచేతే రాయించారు. మొత్తం 30 లక్షల్లో ఫోన్‌పే, బ్యాంకు ద్వారా వచ్చింది 18 లక్షలు, దాని మీద 6 శాతం అంటే 1,08,000. నగదు 12 లక్షలు, దాని మీద 8 శాతం అంటే 96,000. కలిపితే 2,04,000. ఐటీ చట్టంలో 44ఏడీ సెక్షన్ అంటే ఇదే నాయనా, లెక్కల పుస్తకాలు రాయక్కర్లేకుండా కనీసం ఇంత లాభం చూపించమంటాది, ఇంతే చూపించమని ఎక్కడా లేదు, ఎక్కువ మిగిలితే ఎక్కువే చూపించాల అన్నారు. నాకు నిజంగా మిగిలేది నాలుగున్నర లక్షలు పైనే. మరి అది చూపిస్తే టాక్స్ ఎంత పడుద్దని భయంభయంగా అడిగితే సున్నా అన్నారు! కొత్త టాక్స్ పద్ధతిలో 4 లక్షల దాకా ఎలాగూ లేదు, 12 లక్షల లోపు ఆదాయానికి పడే టాక్స్ రిబేటుతో (మాఫీతో) పోతాది. అంటే ఇన్నేళ్ళు నేను తక్కువ చూపించి పొదుపు చేసింది ఏటీ లేదు, పోగొట్టుకున్నది లోను. ఒంటికి కారం రాసుకున్నట్టయింది.

అసలు కథ జీఎస్టీది. నేను అప్పుడు కాంపోజిషన్ స్కీములో ఉండేవాణ్ణి, అంటే అమ్మకం మీద 1 శాతం కట్టేసి ఊరుకోవడం. మేస్టారు నా బిల్లు పుస్తకం తిరగేస్తూ తిరగేస్తూ ఆగి, "ఏటి నాయనా, కొమరాడ ఏ రాష్ట్రంలో ఉంది?" అన్నారు. నాకు అర్థం కాలేదు. ఆంధ్రా వైపున్న కొమరాడ, కురుపాం వాళ్ళు పెళ్ళి సారె సామాన్లకి మా దగ్గరికే వస్తారు, మనకి సరిహద్దంటే రోడ్డు పక్కన ఒక బోర్డు అంతే కదా, గుర్తుండడానికి బిల్లు మీద ఊరి పేరు రాస్తాను. ఆయన పెన్సిల్‌తో టిక్కులు పెట్టుకుంటూ పోయారు, బిందెలు గంగాళాలు అన్నీ దాటి 14 టిక్కులు. కాంపోజిషన్లో ఉన్నోళ్ళు వేరే రాష్ట్రానికి సరుకు అమ్మకూడదట. పైగా జీఎస్టీ నంబరు లేనివాళ్ళకి అమ్మినప్పుడు బిల్లు మీద చిరునామా ఏ రాష్ట్రానిదైతే అమ్మకం ఆ రాష్ట్రంలో జరిగినట్టే లెక్కని 2023 అక్టోబర్ నుంచి రూలు, చిరునామా లేకపోతే కొట్టు ఎక్కడుందో అక్కడే. పోయిన మేలో రెండు సారెలు ఆటోలో కొమరాడ పంపాను, వాటికైతే వాదించడానికే లేదు. పోనీ ఊరి పేర్లు రాయడం మానేస్తానండీ అన్నాను (తెలివి!), సరుకు అక్కడ దింపి కాయితం మీద దాస్తే అది దొంగబిల్లు అవుద్ది అని గట్టిగానే అరిచారు, కింద టీ కొట్టుకి వినపడేంత.

ఏడాది అమ్మకం 40 లక్షల లోపు ఉంటే జీఎస్టీ రిజిస్ట్రేషనే అక్కర్లేదు కదా అని మా పక్క కొట్టాయన ఎప్పుడూ అంటాడు. అది మన రాష్ట్రంలోనే అమ్ముకునేవాళ్ళకి. సరుకు అవతలి రాష్ట్రానికి అమ్మితే అమ్మకం ఎంత తక్కువైనా రిజిస్ట్రేషన్ ఉండాల్సిందే. ఈ ముక్క మన సరిహద్దు ఊళ్ళలో సగంమందికి తెలీదు.

ఆ పాత అమ్మకాలకి తేడా టాక్సూ, ఏడాదికి 18 శాతం చొప్పున వడ్డీ లెక్కేసి మనమే ముందుగా కట్టేద్దామన్నారు, డీఆర్సీ-03 అని ఫారం, పదకొండు వేల పైచిలుకు పోయింది. కాంపోజిషన్లోంచి బయటికి రావడానికి సీఎంపీ-04 ఫారం. వచ్చాక కొట్లో ఉన్న సరుకు మీద కొన్నప్పుడు కట్టిన టాక్స్ వెనక్కి వాడుకోవచ్చు, దానికి 30 రోజుల్లో ఐటీసీ-01 ఫారం వెయ్యాల. దీనికోసం నేనూ మా ఆవిడా రెండు రాత్రులు షట్టర్ దించుకుని గ్లాసులు డజన్ల లెక్కన లెక్కెట్టాం, ఏడాది దాటిన కొనుగోలు బిల్లులకి రాదని ముందే చెప్పి ఉంటే సగం అటక దింపేవాళ్ళం కాదు, ఇది మేస్టారికి ఒక మైనస్.

ఇప్పుడు మూడు నెలలకోసారి రిటర్న్. 2025 సెప్టెంబర్ 22 నుంచి స్టీలు గిన్నెల మీద 12 పోయి 5 శాతం అయ్యింది కాబట్టి రెగ్యులర్‌లో (మామూలు జీఎస్టీలో) ఉన్నా పెద్దగా దెబ్బ లేదు. పార్వతీపురంలో మా బావమరిదికి మూడు బి (ఆ జీఎస్టీ రిటర్న్) 22వ తేదీకి, నాకు 24, వాడి జీఎస్టీ నంబరు ఆంధ్రా కోడు 37తో మొదలు నాది ఒడిశా కోడు 21తో, వాణ్ణి చూసి నేను వేసేస్తానంటే కుదరదు.

తమ్ముడిది జీతం కేసు, అది పావుగంటలో అయిపోయింది, స్టాండర్డ్ డిడక్షన్ 75,000 తీసేస్తే వాడు 12 లక్షల లోపే. కాకపోతే టాక్స్ మిగులుద్దని వాడు కట్టే పాలసీకి కొత్త పద్ధతిలో 80సీ మినహాయింపు లేనే లేదని, షేర్లు అమ్మిన లాభానికి ఆ 12 లక్షల రిబేటు వర్తించదని చెప్పేసరికి వాడి మొహం చూడాలి. ఏఐఎస్ (ఐటీ వాళ్ళ దగ్గరుండే మన ఆదాయాల చిట్టా) తెరిచి వాడి డిపాజిట్ వడ్డీ పైసలతో సహా చూపించారు.

ఇంక తిట్లు. ఫోనెత్తరు, రాత్రి 8 దాటాకే. కూర్చోడానికి రెండే కుర్చీలు, కరెంటు పోతే అంతే సంగతులు. జూలైలో రద్దీకి పని కుర్రాడికి అప్పజెప్పేస్తారు, ఆ కుర్రాడు తమ్ముడి ఐఎఫ్ఎస్సీ తప్పు కొట్టడం వల్ల రీఫండు నెలపైన ఆగిపోయింది, అకౌంట్ మళ్ళీ వ్యాలిడేట్ చేసి సరిచేశారు, సారీ మాత్రం చెప్పలేదు. ఫీజు ఐటీకి 1,500, జీఎస్టీకి మూడు నెలలకి 1,200, బేరం లేదు. ఆ ఒక్క స్టార్ కోత కుర్రాడికే.

వెళ్ళేవాళ్ళు బిల్లు పుస్తకం, పాన్, ఆధార్‌కి లింకైన ఫోను పట్టుకెళ్ళండి, పొద్దున్న 11 లోపు వెళ్తే కుర్చీ దొరుకుద్ది. మోకాళ్ళ నొప్పులున్నోళ్ళు కింద టీ కొట్టు దగ్గర ఆగి కేకేస్తే ఆయనే దిగొస్తారు.