పాత కంప్యూటర్లలో స్క్రాచ్: ఏ వెర్షన్ నడుస్తుంది, ఏది నడిచినట్టు నటిస్తుంది

ముందే చెప్పేస్తాను. స్క్రాచ్ అంటే తెర మీది బ్లాకులను పేర్చి పిల్లలు ప్రోగ్రాములు తయారుచేసే సాఫ్ట్‌వేర్. మీ దగ్గరున్నది పెంటియం 4 కాలపు కంప్యూటరైతే అందులో స్క్రాచ్ 3.0 నడపాలన్న పట్టుదల వదిలేయండి. 2009లో వచ్చిన స్క్రాచ్ 1.4 వేసుకోండి. ‘పాతది కదా, పిల్లలకు అన్యాయం చేస్తున్నామేమో’ అని బాధపడకండి. అన్యాయం ఎక్కడ జరుగుతుందంటే, ప్రోగ్రామును మొదలుపెట్టే జెండా నొక్కిన పిల్ల నాలుగు సెకన్ల తర్వాత కదిలే పిల్లి బొమ్మను చూస్తూ కూర్చున్నప్పుడు.

నేను పిల్లలకు ప్రోగ్రామింగ్ నేర్పే గదిలో కొత్త యంత్రమంటూ ఒక్కటీ లేదు. అన్నీ ఎవరో వాడి పక్కన పెట్టినవే. 512 ఎంబీ ర్యామ్‌తో విండోస్ ఎక్స్‌పీ నడుపుతున్న పెంటియం 4 డబ్బాలు కొన్ని, 2 జీబీ ఉన్న కోర్ 2 డ్యుయో డెస్క్‌టాపులు కొన్ని, ఆటమ్ ప్రాసెసర్ ఉన్న బుల్లి నెట్‌బుక్కులు రెండో మూడో. ఈ సమీక్ష వాటి ముందు కూర్చుని రాసింది. కొత్త ల్యాప్‌టాపులో స్క్రాచ్ ఎంత బాగుంటుందో చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్ల మాట నిజమే, కానీ మనకు పనికిరాదు.

స్క్రాచ్ 3.0 సంగతి మొదట. ఎంఐటీ మీడియా ల్యాబ్‌లో పుట్టిన స్క్రాచ్ 2007లో జనంలోకి వచ్చింది. 3.0 వెర్షన్ 2019 జనవరి 2న విడుదలైంది. ఇది పూర్తిగా బ్రౌజర్‌లో బతికే ప్రాణి. విడుదలైనప్పుడే క్రోమ్ 63 గానీ ఫైర్‌ఫాక్స్ 57 గానీ, అంతకన్నా కొత్తవి గానీ ఉండాలని చెప్పారు. ఎక్స్‌పీకి దొరికే ఆఖరి క్రోమ్ 49. ఆఖరి ఫైర్‌ఫాక్స్ 52. లెక్క అక్కడే తేలిపోయింది. దీనికి మందు లేదు. అయినా ఎక్స్‌పీ మీద ఏదో ఒక తెలియని బ్రౌజర్ తెచ్చిపెట్టి 3.0 తెరిపించే చిట్కాలు చెప్పేవారుంటారు. భద్రతా మరమ్మతులు ఎప్పుడో ఆగిపోయిన ఎక్స్‌పీని ఇంటర్నెట్‌కు తగిలించి, దాని ముందు పిల్లలను కూర్చోబెట్టడం నాకు ససేమిరా ఇష్టం లేదు. మా ఎక్స్‌పీ యంత్రాలకు నెట్ తీగే లేదు.

విండోస్ 7 ఉన్న కోర్ 2 డ్యుయోల కథ వేరు. వాటికి క్రోమ్ 109 వరకు దొరుకుతుంది కాబట్టి 3.0 తెరుచుకుంటుంది. తెరుచుకోవడం వేరు, పని చేయడం వేరు. 3.0 తన స్టేజీ (ఆట కనిపించే చోటు) మీద బొమ్మలన్నిటినీ వెబ్‌జీఎల్ ద్వారా గీస్తుంది, అంటే గ్రాఫిక్స్ చిప్‌ను పనిలో పెడుతుంది. ఆ కాలపు మదర్‌బోర్డుల్లో కలిసి వచ్చిన చాలా చిప్‌లను, వాటి డ్రైవర్లు నమ్మదగినవి కావని బ్రౌజర్లు పక్కన పెట్టేశాయి. అప్పుడు రెండే దారులు: వెబ్‌జీఎల్ లేదని స్క్రాచ్ మొహం మీదే చెప్పేస్తుంది, లేదా చిప్ చేయాల్సిన గీత పనంతా బ్రౌజర్ ప్రాసెసర్ నెత్తిన వేస్తుంది. రెండోదే ప్రమాదకరం. ఎందుకంటే అంతా బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. బ్లాకులు కదులుతాయి, పిల్లి నడుస్తుంది, ఫ్యాన్ మాత్రం రొద పెడుతుంది. రెండో స్ప్రైట్ (కదిలే బొమ్మ), ఒక పెద్ద నేపథ్య చిత్రం చేర్చాక అసలు రంగు బయటపడుతుంది.

నాకు ఇందులో నచ్చనిది నెమ్మదితనం కాదు, దాని అమరిక. పిల్ల రాసిన ప్రోగ్రాము ఎంత? ‘ఎప్పటికీ’ బ్లాకులో పది అడుగులు కదులు, అంచు తగిలితే తిరుగు. పాతికేళ్ల నాటి ప్రాసెసర్‌కు ఇది లెక్కలోకి రాని పని. ఆ కాసిని బ్లాకుల చుట్టూ ఉన్న సరంజామా మాత్రం కొండంత: పూర్తి స్థాయి బ్రౌజర్, దాని మీద బ్లాకుల ఎడిటర్, బొమ్మల ఎడిటర్, శబ్దాల ఎడిటర్, వందలాది స్ప్రైట్‌ల గ్యాలరీ. కొండను తవ్వి ఎలుకను పట్టడమంటే ఇదే. పాత కంప్యూటర్ ఆయాసపడేది తవ్వకానికి, ఎలుకకు కాదు. అందుకే పాత యంత్రానికి కోడింగ్ సాఫ్ట్‌వేర్ ఎంచుకునేటప్పుడు నేను భాషలో ఎన్ని హంగులున్నాయని చూడను, ఎడిటర్ ఎంత బరువని చూస్తాను.

‘నెట్ లేకుండా వాడే యాప్ ఉంది కదా, అది తేలిక’ అనుకునేవారికి ఒక మాట. 3.0 ఆఫ్‌లైన్ యాప్ ఎలక్ట్రాన్ మీద కట్టింది. అంటే లోపల ఒక క్రోమియం బ్రౌజర్‌ను మూటగట్టుకుని వస్తుంది. నెట్ అవసరం తప్పుతుంది, బరువు తప్పదు. పైగా అది విండోస్ 10 లేదా ఆపైది కావాలంటుంది.

ఇన్ని చెప్పి కూడా కోర్ 2 డ్యుయోల మీద 3.0ను నేను తీసేయలేదు. కొన్ని జాగ్రత్తలతో నడుస్తుంది. స్టేజీని చిన్నదిగా చూపే బటన్ ఉంది, నొక్కి ఉంచండి. వందల వంకలున్న వెక్టార్ బొమ్మలను (గీతల లెక్కలుగా దాచేవి) చుక్కల బొమ్మగా, అంటే బిట్‌మ్యాప్‌గా మార్చేయండి. ‘ఈ రంగును తాకుతోందా’ అనే బ్లాకు పిక్సెళ్లను ఒక్కొక్కటిగా పోల్చి చూస్తుంది. దాన్ని ‘ఎప్పటికీ’లో పెట్టి నాలుగు స్ప్రైట్‌లకు అతికిస్తే యంత్రం చతికిలబడుతుంది. దూరం కొలిచి పని గడిచేచోట దూరమే కొలవండి. స్ప్రైట్ గ్యాలరీ తెరిస్తే వందల చిన్న బొమ్మలు ఒకేసారి దిగుతాయి కాబట్టి పిల్లలను సొంతంగా గీసుకోమంటాను. ఇది యంత్రం కోసం పెట్టిన నియమమే, కానీ గ్యాలరీలో అరగంట షికారు తప్పి అసలు పని మొదలవుతోంది.

వేగం తేడా వల్ల ఒక మంచి పాఠం కూడా దొరికింది. ఒకే ఆటను రెండు యంత్రాల్లో పక్కపక్కన పెట్టారు పిల్లలు. ఒకచోట బంతి గోడను కొట్టి వెనక్కి వస్తోంది, రెండోచోట ఇంకా సగం దారిలోనే ఉంది. “టీచర్, రెండూ ఒకటే బ్లాకులు కదా?” అని అడిగారు. స్క్రాచ్ సెకనుకు 30 సార్లు తెరను కొత్తగా గీయాలని చూస్తుంది. లూపు ఒక చుట్టు తిరిగితే ఒక చిత్రం. గీయడం ఆలస్యమైతే లూపు కూడా ఆగుతుంది, బంతి నెమ్మదిస్తుంది. అందుకని చుట్టుకు పది అడుగులు అనడం మాని, టైమర్ చూసి గడిచిన కాలాన్ని బట్టి కదిలించమన్నాను. అప్పుడు రెండు బంతులూ ఒకే సమయానికి గోడను చేరాయి, ఒకటి కాస్త ఎగిరెగిరి వెళ్లినా. కొత్త యంత్రాలే ఉన్న గదిలో ఈ ప్రశ్న ఎవరూ అడగరు.

ఇక 1.4. దీన్ని నేను సానుభూతితో కాదు, ఇష్టంగా వాడుతున్నాను. ఇది స్మాల్‌టాక్ అనే ప్రోగ్రామింగ్ భాష కుటుంబానికి చెందిన స్క్వీక్ మీద రాసింది. స్క్వీక్ తన కిటికీలను, బొమ్మలను, బటన్లను అన్నిటినీ సొంతంగా సాఫ్ట్‌వేర్‌లోనే గీసుకుంటుంది. గ్రాఫిక్స్ చిప్‌ను దేబిరించదు, బ్రౌజర్‌ను అడగదు. అధికారికంగా అడిగింది కూడా స్వల్పమే: విండోస్ 2000, 800×480 తెర, 120 ఎంబీ డిస్కు. ఇంకో ఆధారం కావాలంటే, 2012లో వచ్చిన మొదటి రాస్‌ప్‌బెర్రీ పై గుర్తుచేసుకోండి. 700 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్ ఉన్న ఆ చిన్న బోర్డుతో ఇచ్చింది స్క్రాచ్ 1.4నే. పిల్లల కోసం 2007లో తయారైన ఎక్స్‌ఓ ల్యాప్‌టాప్ 433 మెగాహెర్ట్జ్, 256 ఎంబీతో నడిచేది, దాని మీదా స్క్రాచ్ ఆడింది. వీటి ముందు మా పెంటియం 4 మహారాజు.

వాడుకలో తేడా వెంటనే తెలుస్తుంది. బొమ్మ మీద నొక్కితే తెరుచుకుంటుంది, బ్లాకు లాగితే వేలి వెంట వస్తుంది. పెన్ బ్లాకులు, డ్రమ్ము, స్వరాల బ్లాకులు పక్క పలకలోనే ఉంటాయి. 3.0లో వీటిని ఎక్స్‌టెన్షన్లుగా విడగొట్టి ఒక బటన్ వెనక దాచారు, ఎందుకో నాకు ఇప్పటికీ మింగుడుపడదు. పెన్‌తో చతురస్రం, దాన్ని తిప్పుతూ పువ్వు, పువ్వులో రంగు మార్పు: నా మొదటి పాఠాలన్నీ ఇవే కాబట్టి 1.4 నాకు చేతికి అమరిన పనిముట్టు.

లోపాలు ఉన్నాయి, దాచను. క్లోన్లు, అంటే ఆట నడుస్తుండగా ప్రోగ్రామే తీసే స్ప్రైట్ నకళ్లు, లేవు. తూటాలు కురిసే ఆట చేయాలంటే తూటా స్ప్రైట్‌ను చేత్తో నకలు తీస్తూ పోవాలి, ఒకదాన్ని సవరిస్తే మిగతావన్నీ సవరించాలి. సొంత బ్లాకులు తయారుచేసుకునే వీలు లేదు. పద్దెనిమిది బ్లాకుల గుత్తిని నాలుగు చోట్ల వాడాలంటే బ్రాడ్‌కాస్ట్ సందేశాలతో నెట్టుకురావాలి. ఇది కొంతవరకు చెల్లుతుంది, విలువలు పంపాలంటే మాత్రం వేరియబుళ్లతో దొంగదారులు తొక్కాలి. పొరపాటున చెరిపిన చివరి వస్తువును తిరిగి తేవచ్చు గానీ, వెనక్కి వెనక్కి వెళ్లే సదుపాయం లేదు. చిన్న పిల్లలకు ఈ లోటు అంతగా తెలియదు. పన్నెండు దాటిన పిల్లలు వీటిని అడగడం మొదలుపెట్టారంటే వాళ్లు 1.4ను దాటేశారని అర్థం.

మధ్యలో వచ్చిన 2.0 (2013) గురించి ఎక్కువ చెప్పను. క్లోన్లు, సొంత బ్లాకులు అందులోనే వచ్చాయి. కానీ అది ఫ్లాష్ అనే పాత బ్రౌజర్ ప్లగిన్ మీద కట్టిన ఇల్లు. 2020 డిసెంబరు 31తో ఫ్లాష్‌కు మద్దతు ముగిసింది. ఆఫ్‌లైన్ ఎడిటర్ ఎక్కడైనా, దాన్ని నడిపే అడోబీ ఎయిర్‌తో సహా ఇప్పటికే ఉంటే వాడుకోండి, కొత్తగా వెతికి వేయడానికి నేను పూనుకోను.

1.4ను దాటిన పిల్లలను నేను కూర్చోబెట్టేది స్నాప్ అనే ఇంకో బ్లాకుల సాఫ్ట్‌వేర్ ముందు. బర్క్‌లీలో బ్రయన్ హార్వీ, యెన్స్ మోనిగ్ తయారుచేసినది. దీని పూర్వరూపం స్క్రాచ్ కోడ్‌నే తీసుకుని సొంత బ్లాకులు చేర్చడంతో మొదలైంది. ఇదీ బ్రౌజర్‌లోనే నడుస్తుంది, కానీ వెబ్‌జీఎల్ జోలికి పోకుండా మామూలు కాన్వాస్ మీద గీస్తుంది. పాత కంప్యూటర్‌కు ఈ ఒక్క తేడా చాలు. పైగా మొత్తం సాఫ్ట్‌వేర్‌ను ఒక జిప్ ఫైలుగా దించుకుని, పెన్‌డ్రైవ్‌లో పెట్టి, నెట్ లేని యంత్రంలో నేరుగా బ్రౌజర్‌తో తెరవవచ్చు. మా ఎక్స్‌పీ డబ్బాల్లో ఫైర్‌ఫాక్స్ 52తో, ఆ కాలానికి చెందిన నాలుగో తరం స్నాప్ నడుస్తోంది. బ్రౌజర్ పాతదైతే స్నాప్ కూడా దాని ఈడుదే వెతుక్కోవాలి. స్క్రాచ్‌తో పోలిస్తే దీని ముఖం కాస్త ముభావం. పిల్లి లేదు, ఒక బాణం గుర్తు ఉంటుంది. లోపల మాత్రం జాబితాలో జాబితా, బ్లాకునే ఇంకో బ్లాకుకు విలువగా పంపడం వంటివి ఉన్నాయి. ఇది ఏడేళ్ల పిల్లకు ఇచ్చేది కాదు.

టర్బోవార్ప్ గురించి అడిగేవారుంటారు. ఇది స్క్రాచ్ ప్రాజెక్టును జావాస్క్రిప్ట్‌గా (బ్రౌజర్ నేరుగా నడిపే భాషలోకి) కంపైల్ చేసి నడుపుతుంది కాబట్టి లెక్కలు ఎక్కువున్న ప్రాజెక్టులు కోర్ 2 డ్యుయో మీద కళ్లెదుటే వేగం పుంజుకుంటాయి. గీత పనికి దీనికీ వెబ్‌జీఎల్ కావాల్సిందే, కాబట్టి పెంటియం 4 వారికి ఇది దారి కాదు.

బ్లాకులు వదిలి అక్షరాల్లోకి వచ్చేవారికి పైథాన్ భాషలోని తాబేలు గీతలు (టర్టిల్) పాత యంత్రం మీద హాయిగా నడుస్తాయి. ఎక్స్‌పీకి ఆఖరిది పైథాన్ 3.4, విండోస్ 7కు 3.8. చిక్కు ఒక్కటే: ఇప్పటి పుస్తకాలన్నీ ఎఫ్-స్ట్రింగ్‌లతో (వాక్యం మధ్యలో విలువలు చొప్పించే పద్ధతి) మొదలవుతాయి, అవి 3.6లో వచ్చాయి. ఎక్స్‌పీ మీద పుస్తకంలోని మొదటి ఉదాహరణే సింటాక్స్ ఎర్రర్ ఇస్తే పిల్ల అది తన తప్పనుకుంటుంది. ముందే చెప్పి ఉంచండి.

సాఫ్ట్‌వేర్‌ను తిట్టే ముందు డబ్బా తెరవండి. దుమ్ము పట్టి వేడెక్కిన పెంటియం 4 తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. కోర్ 2 డ్యుయోలో ఎస్ఎస్‌డీ పెడితే స్క్రాచ్ చకచకా తెరుచుకుంటుంది, కానీ ఆట వేగం అంగుళం కూడా మారదు. ఉన్నదానికి ఇంకో జీబీ ర్యామ్ చేరిస్తే ఎక్కువ మేలు. మదర్‌బోర్డు మీది నాణెంలాంటి సీఆర్2032 బ్యాటరీ కూడా చూడండి. అది అయిపోతే కంప్యూటర్ తేదీ ఏళ్ల వెనక్కి పోతుంది. అప్పుడు సైట్ల భద్రతా సర్టిఫికెట్లు చెల్లవంటూ బ్రౌజర్ ఏదీ తెరవదు. స్క్రాచ్ సైటు పనిచేయడం లేదని వచ్చే ఫిర్యాదుల్లో కొన్నిటికి మూలం ఈ చిన్న బిళ్లే.

ఇక ఫైళ్లు. 1.4లో దాచిన ప్రాజెక్టును 3.0 తెరుస్తుంది, కాబట్టి పిల్ల రేపు కొత్త యంత్రం మీదకు వెళ్లినా చేసిన పని పోదు. వెనక్కి మాత్రం దారి లేదు. 3.0లో దాచినదాన్ని 1.4 తెరవలేదు. అందుకని మా గదిలో రెండు రకాల యంత్రాల మధ్య తిరిగే పిల్లలకు ఒకటే షరతు: పని 1.4లో మొదలుపెట్టాలి, 3.0లోకి తీసుకెళ్లాక అక్కడే కొనసాగించాలి, పాత ఫైలును వేరే పేరుతో పెన్‌డ్రైవ్‌లో ఉంచుకోవాలి.