ఇసుక తీస్తేనే ఓడ: వశిష్ఠ మొగ దగ్గర పడవ ప్రయాణం

వశిష్ఠ గోదావరి సముద్రంలో కలిసే మొగ దగ్గర ఇసుకలో పూడిపోయిన పాత కర్ర ఓడ ఒకటి ఉంది, పైన ఇసుక కొట్టుకుపోయినప్పుడే కనబడుతుంది. పడవ మీద వెళ్లి దాన్ని చూసొచ్చాం. ముందు డబ్బుల సంగతి. మనిషికి 300 రూపాయలు, ఆరుగురి కంటే తక్కువుంటే పడవ మొత్తానికి 1800. ఇంజను పడవ, పైన టార్పాలిన్ కట్టారు. లైఫ్ జాకెట్లు అందరికీ ఇచ్చారు గానీ పిల్లల సైజువి రెండే ఉన్నాయి. మా చెల్లి కూతురికి పెద్దవాళ్లది వేస్తే భుజాల మీంచి జారిపోతూనే ఉంది, మొగ దగ్గర అలలు కాస్త ఎక్కువగా ఉన్నచోట నాకు టెన్షన్ వచ్చింది. ఆ ఒక్కటీ వెంటనే సరిచేసుకోవాలి.

మిగతాదంతా బాగుంది అనడం కూడా తక్కువే. ఎందుకంటే రెండేళ్ల క్రితం ఇదే ఓడ చూపిస్తామని ఇంకొకాయన మమ్మల్ని తీసుకెళ్లి, డబ్బులు ముందే తీసుకుని, ఖాళీ ఇసుక మీద నిలబెట్టి "నిన్నటిదాకా ఉందండి" అన్నాడు. మా నాన్నగారు మోకాళ్ల నొప్పితో ఆ ఇసుకలో అంతదూరం నడిచారు. ఆ రోజు నాకు ఎంత బాధేసిందో.

ఈసారి పడవాయనకి కార్తీక పౌర్ణమికి ముందు ఫోన్ చేశాను. "ఆయ్, ఇప్పుడు రాకండి, దాని మీద నా నడుం దాకా ఇసుకుంది, వచ్చి ఏం చూస్తారండీ" అన్నాడు. వచ్చిన బేరం వదులుకున్నాడు చూడండి, అక్కడే నాకు నమ్మకం కుదిరింది. తర్వాత వాయుగుండం వచ్చి నాలుగు రోజులు గాలీ వానా, అది తగ్గాక ఆయనే ఫోన్ చేసి, ఓడ పక్కటెముకలు బయటపడ్డాయి, అమావాస్య వెళ్లిన మర్నాడు భోంచేసి ఒంటిగంటకల్లా రేవులో ఉండండి అని చెప్పాడు. అమావాస్య, పౌర్ణమి దాటిన ఒకటి రెండు రోజులు పోటు ఎంత పైకి వస్తుందో ఆటు అంత కిందికి దిగుతుంది, అందుకని. అది పోలి పాడ్యమి. నర్సాపురంలో పంటు (గోదావరి దాటించే పెద్ద పడవ) ఎక్కి సఖినేటిపల్లి దిగి మేం రేవుకి వెళ్లేసరికి తెల్లవారుజామున వదిలిన అరటి దొప్పలు ఒడ్డునే తేలుతున్నాయి.

దాదాపు ముప్పావుగంట ప్రయాణం. పడవాయన దారిలో చెప్పిన ఇసుక సంగతులు నేను ఇంటికొచ్చి చదివిన వాటితో సరిపోయాయి. నైరుతి గాలుల కాలంలో అలలు ఇసుకని తీరం వెంట ఉత్తరానికి నెడతాయి, కాకినాడ ముందు హోప్ ఐలాండ్ దిబ్బ అంత పొడుగు పెరిగింది అలాగే. ఈశాన్య గాలులు మొదలయ్యాక అది తిరగబడుతుంది, తుఫాను అలలైతే ఒడ్డుమీది ఇసుకని కోసి లోపలికి లాగేస్తాయి, సముద్రం నెమ్మదించాక మళ్లీ తెచ్చి కప్పేస్తాయి. దీనికితోడు గోదావరి మీద ఆనకట్టలు వచ్చాక వరదతో దిగే ఒండ్రు తగ్గింది, అంతర్వేది వైపు ఒడ్డు కోతకి గురవడం మనం చూస్తూనే ఉన్నాం.

ఓడ అంటే తెరచాపలు ఊహించుకుని వెళ్లకండి. ఇసుకలోంచి రెండు వరసల నల్లటి దుంగలు వంగి పైకి లేచి ఉంటాయి, అంతే. కొన్ని మోకాలెత్తు, కొన్ని భుజం ఎత్తు, మీద ఆలుచిప్పలు. ఇనుప మేకులున్న చోట తుప్పు, ఇసుక కలిసి రాయిలా గడ్డకట్టాయి. నాన్నగారు వాటి మధ్య ఒక్కరే చాలాసేపు నిలబడ్డారు, మేం పిలవలేదు. 17వ శతాబ్దంలో నర్సాపురం పక్కన మాధవాయిపాలెంలో ఓడలు కట్టేవారని, అక్కడి బట్టకి ఆ ఊరి పేరు మీదే మదపోలం అన్న పేరొచ్చిందని, పాలకొల్లులో డచ్చివాళ్లు వర్తకం చేశారని పిల్లలకి బడిలో చెబితే ఎక్కలేదు గానీ, ఆ దుంగల పక్కన నిలబడి చెబితే నోరు తెరుచుకుని విన్నారు.

నాకు అన్నిటికంటే నచ్చింది ఇంకోటి. వేరే పడవలో వచ్చిన కుర్రాడొకడు గుర్తుగా ఉంటుందని ఒక మేకు పీకబోతే, మా పడవాయన పరుగున వెళ్లి చెయ్యి పట్టుకున్నాడు. "ఇసుకలో ఉన్నన్నాళ్లూ దానికేం కాదు బాబూ, పైకి తేలినప్పుడే పురుగు తినేస్తుంది, మళ్లీ మనం కూడానా" అన్నాడు. నిజమే, ఇసుక కింద గాలి ఆడదు కాబట్టి కర్ర తొలిచే పురుగు బతకదు. ఇంగ్లండులో హేస్టింగ్స్ దగ్గర 1749లో ఒడ్డెక్కి ఇసుకలో దిగబడిన ఆమ్‌స్టర్‌డామ్ అనే డచ్చి ఓడని, 1969లో యంత్రాలతో తవ్వి కొంత పాడుచేశాక, 1974 నుంచి చట్టం కింద కాపాడుతున్నారు. అది ఇప్పటికీ నీళ్లు బాగా తీసినప్పుడు కనిపిస్తుంది. మన దగ్గర ఆ పని ప్రస్తుతానికి ఈ పడవాయన చేస్తున్నాడు. దయచేసి ఏమీ పీక్కోకండి, ఫొటోలు తీసుకోండి చాలు.

మంచినీళ్లు మీరే తీసుకెళ్లాలి, అక్కడ నీడ గానీ బాత్రూమ్ గానీ లేవు. వట్టి కాళ్లతో దిగకండి, ఆలుచిప్పలు కోస్తాయి. పోటు మొదలవగానే ఆయన బయల్దేరమంటాడు, ఇంకో పది నిమిషాలని బతిమాలకండి.

సంక్రాంతికి పెద్దమ్మ వాళ్లని తీసుకెళ్దామని మొన్న మళ్లీ ఫోన్ చేశాను. "సగం పూడిపోయిందండి, డబ్బులు దండగ, వచ్చే ఏడు చూద్దాం" అన్నాడు.