వేలు, చెవి, పెదవి, మోకాలు: జలగ వైద్యం ఎక్కడ మేలు?

తెగిపోయిన వేలినో చెవినో తిరిగి అతికించేటప్పుడు ఆ భాగానికి రక్తం తెచ్చే ధమనిని కుట్టడం ఒక ఎత్తు, ఆ రక్తాన్ని వెనక్కి తీసుకెళ్లే సిరను కుట్టడం ఇంకో ఎత్తు. సిర గోడ పల్చగా, మెత్తగా ఉంటుంది. చెవిలోనో వేలి కొసనో అయితే దాని వెడల్పు మిల్లీమీటరు కూడా ఉండదు. అది దొరక్కపోతే రక్తం లోపలికి వస్తూనే ఉంటుంది, బయటికి పోదు. అతికించిన భాగం ఉబ్బి, ఊదారంగుకు తిరిగి, కొన్ని గంటల్లో చచ్చుబడడం మొదలవుతుంది.

జలగ అవసరమయ్యేది ఇక్కడే. ఒక జలగ తాగేది 5 నుంచి 15 మిల్లీలీటర్లు మాత్రమే. దాని లాలాజలంలోని హిరుడిన్ రక్తాన్ని గడ్డకట్టనివ్వదు కాబట్టి, జలగ రాలిపోయాక కూడా ఆ గాటు నుంచి గంటల తరబడి, ఒక్కోసారి రోజుకు పైగా రక్తం ఊరుతూనే ఉంటుంది. అసలు మేలు చేసేది ఈ ఊరడమే. ఈలోగా అంచుల నుంచి సన్నటి కొత్త సిరలు పుట్టుకొస్తాయి. మామూలుగా దీనికి మూడు నుంచి అయిదు రోజులు పడుతుంది, కొందరిలో వారం దాటుతుంది. అన్ని రోజులు నెట్టుకురావడానికే జలగ.

అందుకే ఏ భాగమైనా ముందు తేల్చుకోవాల్సింది లోపం ఎక్కడుందన్నది. భాగం ముదురు రంగులో ఉబ్బి, సూదితో గుచ్చితే నల్లటి రక్తం గబగబా వస్తే లోపం సిరలో ఉన్నట్టు. పాలిపోయి, చల్లబడి, గుచ్చినా రక్తం రాకపోతే లోపం ధమనిలో ఉన్నట్టు. ఈ రెండోదానికి జలగ ఏమీ చేయలేదు, వెంటనే ఆపరేషన్ థియేటర్‌కు తీసుకెళ్లాలి.

నా లెక్కలో జలగకు అన్నిటికంటే తగిన చోటు చెవి. చెవి చిన్నది, అందులో చిక్కుకునే రక్తమూ తక్కువే, పైగా సిరను కుట్టే వీలు చాలాసార్లు ఉండదు. 1985లో అమెరికాలోని బోస్టన్‌లో ఒక పసివాడి చెవిని కుక్క కొరికేసింది. సర్జన్ జోసెఫ్ అప్టన్ దాన్ని తిరిగి అతికించారు. చెవి నల్లబడుతుంటే జలగలు పెట్టి నిలబెట్టారు. ప్లాస్టిక్ సర్జరీలో జలగ మీద మళ్లీ గట్టిగా దృష్టి పడింది ఆ కేసుతోనే. 2004లో అక్కడి మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ జలగను వైద్య పరికరంగా అమ్మడానికి అనుమతిచ్చింది. అతికించిన భాగంలో ఇంకా స్పర్శ ఉండదు కాబట్టి పిల్లలకు కూడా కరిచిన నొప్పి తెలియదు. వాళ్ల భయం పోగొట్టడమే కష్టం.

వేలి కొస దగ్గర పోటీ గట్టిగానే ఉంటుంది. గోరు తీసేసి, కింది మెత్తటి చర్మాన్ని కొద్దిగా గీరి, రక్తం గడ్డకట్టనివ్వని మందు హెపారిన్‌లో తడిపిన గాజ్ గుడ్డ (గాయాలకు వాడే పల్చటి నూలు గుడ్డ) పెడితే అక్కడి నుంచీ రక్తం ఊరుతుంది. దానివల్ల జలగ కడుపులోని ఏరోమోనాస్ బ్యాక్టీరియా గొడవ ఉండదు. ఆ బ్యాక్టీరియా చిన్న విషయం కాదు, అతికించిన భాగాన్నే కుళ్లబెట్టగలదు. జలగ పెట్టే ప్రతి రోగికీ ముందే సిప్రోఫ్లాక్ససిన్ లాంటి యాంటీబయాటిక్ ఇచ్చేది అందుకే. కాబట్టి గోరు మిగిలిన వేలికి నేను మొదట గోరు పద్ధతికే ఓటు వేస్తాను. గోరు మిగలకపోతే, లేదా గీరినా రక్తం సరిగా రాకపోతే జలగ మేలు.

పెదవి, ముక్కు దగ్గర ఫలితం బాగుంటుంది, కాపలా మాత్రం చాలా కావాలి. జలగ ఒకచోట ఉండదు, నోట్లోకో ముక్కు రంధ్రంలోకో జారిపోతుంది. గొంతుకు అడ్డంగా గాజ్ గుడ్డ పెట్టి, జలగ తోకకు దారం కట్టి, అది రాలే దాకా ఒక నర్సు పక్కనే కూర్చోవాలి. పెదవికి రక్తం బాగా అందుతుంది కాబట్టి పోయే రక్తమూ ఎక్కువే. హిమోగ్లోబిన్‌ను తరచూ చూసుకోవాలి, చాలామందికి రక్తం ఎక్కించాల్సి వస్తుంది.

రొమ్ము తిరిగి కట్టడానికి పొట్ట నుంచి తెచ్చిన పెద్ద కండ ముక్క (ఫ్లాప్) విషయంలో నాకు సందేహమే లేదు: మొదట ఆపరేషనే. అంత కండలో నిలిచిన రక్తాన్ని జలగలతో లాగడమంటే తూముకు గండి పడితే గరిటెతో తోడినట్టు. మళ్లీ తెరిచి, సిరలో గడ్డ తీసి, మెలిక ఉంటే సరిచేయాలి. ఆ తర్వాత కూడా ఒక అంచు మాత్రమే నల్లగా మిగిలితే అక్కడ జలగ పనికొస్తుంది. చనుమొన దగ్గరి చిన్న భాగం కమిలినప్పుడూ అంతే.

మోకాలి అరుగుదల పూర్తిగా వేరే సంగతి. ఇక్కడ ప్రాణం పోతున్న కండ ఏదీ లేదు, ఉన్నదల్లా నొప్పి. 2003లో జర్మనీలోని ఎసెన్‌లో 51 మందితో చేసిన పరీక్షలో ఒక్కసారి నాలుగు నుంచి ఆరు జలగలు పెట్టినవాళ్లకు, రోజూ డైక్లోఫెనాక్ జెల్ రాసుకున్నవాళ్లకంటే వారం నాటికి నొప్పి బాగా తగ్గింది. ఆ తర్వాత నొప్పిలో తేడా స్పష్టంగా నిలవలేదు, కీలు బిగుసుకోవడం, కదలిక విషయంలో మాత్రం మూడు నెలల దాకా జలగ పక్షమే మెరుగు. అయితే ఎవరికి ఏ వైద్యం జరిగిందో రోగులకు తెలుసు. కరిపించుకున్నామన్న నమ్మకం కూడా కొంత పనిచేసి ఉండొచ్చు. నొప్పి మాత్రలు కడుపుకు పడనివాళ్లు డాక్టరు దగ్గర ఒకసారి ప్రయత్నించదగ్గ దారి ఇది. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు, రక్తహీనత ఉన్నవాళ్లు మోకాలి నొప్పి కోసం జలగ జోలికి పోకూడదు, వాళ్లకు జెల్, తొడ కండరాల వ్యాయామమే మేలు.