మూడు ఇళ్లు మారిన పద్దు పుస్తకం: పదకొండేళ్ల వాడకం తర్వాత

2014లో ఒడిశాలోని పర్లాకిమిడి బజారులో కొన్న పొడుగాటి పద్దు పుస్తకం ఒకటి మా ఇంట్లో ఇప్పటికీ వాడుకలో ఉంది. మావారిది బ్యాంకు ఉద్యోగం. ఆ ఏడు పర్లాకిమిడి నుంచి ఒడిశాలోనే ఉన్న జయపురానికి, 2019లో జయపురం నుంచి మహారాష్ట్ర సరిహద్దులోని బల్లార్షాకు, 2023లో బల్లార్షా నుంచి మళ్లీ ఒడిశాలోని రాయగడకు మా సంసారం కదిలింది. మూడుసార్లు అయిన ఖర్చూ ఈ ఒక్క పుస్తకంలోనే రాశాను. దూరపు ఊరికి ఇల్లు మార్చుకునేవారికి ఇలాంటి పుస్తకం ఎంతవరకు అక్కరకు వస్తుందో, ఎక్కడ చాలదో నా వాడకం మీద చెబుతున్నాను.

మొదటిసారి నేను రాసిన తీరు ఎందుకూ పనికిరానిది. ఎడమ పక్క ఖర్చు పేరు, కుడి పక్క ఇచ్చిన డబ్బు, అడుగున మొత్తం. ‘కూలి, ఇతరములు’ అని ఒకే పంక్తిలో 3,400 రూపాయలు వేసి ఉంది. ఆ కూలి ఎక్కించినందుకో, దించినందుకో, ఇతరములంటే ఏమిటో అయిదేళ్ల తర్వాత తీసి చూస్తే నాకే బోధపడలేదు. అందుకని 2019లో పేజీని నాలుగు గళ్లుగా గీశాను: ఖర్చు పేరు, ముందు వేసుకున్న అంచనా, చివరికి ఇచ్చినది, తేడా ఎందుకు వచ్చింది. ఈ పుస్తకానికి విలువ తెచ్చింది నాలుగో గడే. అది లేకపోతే పద్దు గడిచిన ఖర్చును చూపిస్తుందే తప్ప రాబోయే ఖర్చుకు దారి చూపదు.

2019 పేజీని కొంచెం వివరంగా చెప్పాలి. పదిహేడు అడుగుల లారీ కిరాయి 32,000, సామాను కట్టడానికి 4,000, ఎక్కించే కూలి, దించే కూలి కలిపి 3,000, మా ప్రయాణానికి 3,500, చిల్లర ఖర్చులకు 2,000, మొత్తం 44,500 రూపాయలని అంచనా వేసుకున్నాం. చివరికి అయింది 78,000. లారీ కిరాయిలో మాత్రం ఒక్క రూపాయి తేడా రాలేదు. వారం రోజులు నలుగురితో ఫోన్లో బేరమాడి తగ్గించుకున్నది ఆ కిరాయినే. ఎవరితోనూ మాట్లాడకుండా వదిలేసిన ఖర్చులే పెరిగాయి. ఇల్లు మారడమంటే లారీ మాట్లాడుకోవడమేనని మేము అనుకోవడమే అసలు పొరపాటు. మొత్తం ఖర్చులో లారీ వాటా నూటికి నలభై ఒకటి మాత్రమే.

కిరాయి గురించి కూడా మొదట తెలియక ఒక వాదన పెట్టుకున్నాను. మ్యాపులో చూస్తే బస్తర్ మీదుగా దారి దగ్గరగా కనిపిస్తుంది. లారీ యజమాని ఆ దారికి ఒప్పుకోలేదు. సాలూరు ఘాటు దిగి విజయనగరం మీదుగా కోస్తాకు వచ్చి, అక్కడి నుంచి ఖమ్మం, వరంగల్, మంచిర్యాల, ఆసిఫాబాద్ మీదుగా రాజురా చేరి బల్లార్షాకు వెళ్తానన్నాడు. అంటే నాలుగు రాష్ట్రాల నేల మీద ప్రయాణం. పైగా బల్లార్షా నుంచి మా వైపుకు తిరుగు సరుకు దొరకదని, ఖాళీగా వచ్చే డీజిలు కూడా మా లెక్కలోనే కలుపుకున్నాడు. ఆయన లెక్క న్యాయమైనదే. కిరాయి అడిగేటప్పుడు కిలోమీటర్లు కాదు, ఏ దారిన వెళ్తారు, తిరుగు సరుకు ఉందా అన్న రెండు ప్రశ్నలు వేయాలని ఆ రోజు రాసుకున్నాను.

బల్లార్షాలో లారీ తెల్లవారుజామున వీధి మలుపులోనే ఆగిపోయింది. డ్రైవరు దిగి తలెత్తి చూపించాడు: కరెంటు తీగలు లారీ పైకప్పు కన్నా కిందికి వేలాడుతున్నాయి. వీధి కూడా ఆ మలుపు దగ్గర సన్నం. అక్కడి నుంచి మా వాటా గుమ్మం రెండు వందల అడుగులు ఉంటుంది, అదీ మొదటి అంతస్తు. హమాలీల మేస్త్రీ బీరువాను చూసి, మెట్లను చూసి, 4,000 కన్నా తగ్గనన్నాడు. చిన్న బండి ఒకటి పిలిచి మూడు విడతలుగా సామాను ఇంటి ముందుకు చేర్చినందుకు మరో 1,800 అయ్యాయి. పని సాయంత్రం దాకా సాగడంతో లారీ నిలుపుదలకు 2,000 అడిగారు. ఈ మూడూ కలిపి 7,800 రూపాయలు. ముందుగా ఎవరైనా ఆ వీధిని ఒక ఫోటో తీసి పంపి ఉంటే ఇందులో సగం పైగా మిగిలేది. నాలుగో గడిలో ‘వీధి చూడలేదు’ అని రెండే మాటలు రాసి ఉన్నాయి.

సామాను కట్టడానికి అయిన 6,200లో బబుల్ షీటు, అట్టపెట్టెలు, తాళ్లు, దూరాభారమని కొన్న కొత్త టార్పాలిన్ ఉన్నాయి. గాజు పళ్లేలను బబుల్ షీటులో చుట్టినా నాలుగు పగిలాయి. మా అత్తగారు మాత్రం తన ఆవకాయ జాడీ మూతికి పాత పంచె గట్టిగా కట్టి, బియ్యం డబ్బాలో నిలబెట్టి, చుట్టూ మెడ దాకా బియ్యం పోసి పంపారు. జాడీ చెక్కుచెదరలేదు, నూనె బొట్టు కూడా బయటికి రాలేదు. 2023లో గాజు సామానంతా బియ్యం, పప్పుల డబ్బాల్లోనూ పాత చీరల మడతల్లోనూ సర్దాం. ఆ పంక్తిలో ఖర్చు గడి ఖాళీగా ఉంది.

సరిహద్దు దగ్గర ‘కాగితం కావాలి’ అని డ్రైవరు అదనంగా డబ్బు అడిగాడు. వాడుకలో ఉన్న ఇంటి సామానుకు జీఎస్టీ నిబంధనల ప్రకారం ఈ-వే బిల్లు (సరుకు రవాణాకు ఆన్‌లైన్‌లో తీసుకునే పత్రం) అక్కర్లేదు. ఆ సంగతి మావారికి ముందే తెలుసు కాబట్టి ఆ డబ్బు ఇవ్వలేదు. అయితే సామాను జాబితా రాసి, సంతకం పెట్టి, బదిలీ ఉత్తర్వు నకలుతో కలిపి డ్రైవరు చేతికి ఇవ్వడం మంచిది.

ఇక నా అంచనాలో పేరుకు కూడా లేనిది కొత్త ఊరిలో మొదటి నెల. జయపురం కొండల నడుమ ఉన్న ఊరు, అక్కడ మాకు కూలర్ అవసరమే రాలేదు. బల్లార్షా ఉన్న చంద్రపూర్ జిల్లాలో మే నెలాఖరున, మండుటెండల్లో దిగాం. రెండో రోజే 9,000 పెట్టి కూలర్ కొన్నాం. మహారాష్ట్రలో అద్దె ఒప్పందాన్ని రిజిస్టరు చేయించడం చట్ట ప్రకారం తప్పనిసరి. స్టాంపు సుంకం, పురపాలక ప్రాంతంలో రిజిస్ట్రేషను రుసుము 1,000, రాసిపెట్టినవారి కూలితో 2,400 అయ్యాయి. కుళాయిలు, ఫ్యాన్లు, టీవీ గోడకు బిగింపు 3,100. మా అమ్మాయికి అంతవరకు మరాఠీ అక్షరం తెలియదు, మూడు నెలల ట్యూషనుకు 3,000. మా స్కూటరు ఒడిశా నంబరుది. బండి వేరే రాష్ట్రంలో పన్నెండు నెలలు దాటి ఉంటే అక్కడి నంబరు తీసుకోవాలి కనుక, నిరభ్యంతర పత్రం తెప్పించి, పన్ను కట్టి, ఎంహెచ్-34 నంబరు వేయించేసరికి 7,500 దాటకుండా బయటపడ్డాం. పాత రాష్ట్రంలో కట్టిన పన్నులో మిగిలిన కాలానికి తిరిగి ఇమ్మని మేము దరఖాస్తు చేయనే లేదు. ఆ నష్టం మా అలసత్వం వల్లనే. ఇవన్నీ కలిపి 25,000. రాయగడకు వచ్చే ముందు స్కూటరును బల్లార్షాలోనే అమ్మేశాం. బదిలీలు తప్పని ఉద్యోగులు కొత్త బండి కొనేటట్లయితే రాష్ట్రం మారినా నంబరు మార్చనక్కర్లేకుండా 2021లో వచ్చిన బీహెచ్ శ్రేణి నంబరుకు తాము అర్హులో కాదో ముందే విచారించుకోవడం మేలు.

తిరిగి వచ్చే డబ్బును ఖర్చులో కలపకూడదని కూడా ఈ పుస్తకమే నేర్పింది. ఇంటి అడ్వాన్సు, కరెంటు డిపాజిట్టు, గ్యాసు డిపాజిట్టు వేరే పేజీలో రాస్తాను. గ్యాసు సంగతిలో ఒక మెలిక ఉంది. వేరే ఊరికి వెళ్లేటప్పుడు సిలిండర్లు, రెగ్యులేటరు అప్పగిస్తే, కనెక్షను తీసుకున్ననాడు కట్టిన డిపాజిట్టే తిరిగి ఇస్తారు; కొత్త ఊరిలో కట్టవలసింది ఆనాటి ధర. 2022 జూన్‌లో 14.2 కిలోల సిలిండరు డిపాజిట్టు 1,450 నుంచి 2,200కు, రెగ్యులేటరుది 150 నుంచి 250కి పెరిగింది. రెండు సిలిండర్లకు, రెగ్యులేటరుకు కలిపి బల్లార్షాలో మాకు వచ్చింది 3,050, రాయగడలో కట్టింది 4,650. డిపాజిట్టు పేరు మీద అదనంగా కట్టిన 1,600 రూపాయలు ఎవరి అంచనాలోనూ కనిపించవు.

బిల్లు విషయం ఉద్యోగులకు ముఖ్యం. 2019లో బిల్లు లేకుండా 28,000కే వస్తామన్నవారు ఉన్నారు. జీఎస్టీ నంబరున్న బిల్లు, లారీ రసీదు ఉంటేనే కార్యాలయం డబ్బు తిరిగి ఇస్తుంది కనుక మేము 32,000కే ఒప్పుకున్నాం. ఆ డబ్బు చేతికి రావడానికి రెండు నెలలు పట్టింది. రాబోయే డబ్బును అంచనాలోంచి ముందే కొట్టేసుకుంటే ఆ రెండు నెలలూ చేబదుళ్లతో నడపవలసి వస్తుంది. సామాను కట్టి తరలించే కంపెనీలు చెప్పే ధరపై 18 శాతం జీఎస్టీ అదనమా, కలిసే ఉందా అన్నది కూడా రాతపూర్వకంగా తీసుకోవాలి. 2023లో అలాంటి ఒక సంస్థ ఫోన్లో చెప్పిన ధరను ఇంటికి వచ్చి చూశాక ‘సామాను ఎక్కువ’ అని 11,000 పెంచింది. దారి బీమాకు మేము చెప్పిన సామాను విలువపై నూటికి మూడు వంతున అడిగింది. విలువ మూడు లక్షలని చెప్పాం కనుక బీమాకే 9,000. మేము వద్దని పంపేశాం.

ఆ ఏడు మాకు పనికొచ్చింది తిరుగు లారీ. విశాఖ నుంచి సరుకు తెచ్చి ఖాళీగా వెనక్కి వెళ్తున్న లారీ ఒకటి 38,000కు దొరికింది. అంతకు ముందు మాకు చెప్పిన కిరాయి 52,000. కాకపోతే తేదీ మన చేతిలో ఉండదు. జూన్ 19న ఆషాఢం వస్తుందని, ఆలోపే కొత్త ఇంట్లో పాలు పొంగించాలని అత్తగారు పట్టుబట్టారు. లారీ కోసం మూడు రోజులు మూటల మధ్యే పడుకుని, హోటలు భోజనానికి 1,900 పెట్టాం. అయినా లాభమే. రాయగడ వీధి వెడల్పు, మెట్ల మలుపు, కరెంటు తీగల ఎత్తు మావారు ముందుగా వెళ్లి కొలిచి పంపారు. ఆ ఏడు అంచనా 86,000, అయిన ఖర్చు 89,400.

అప్పుడే మా అమ్మాయి ఈ పద్దునంతా గూగుల్ షీట్స్‌లోకి ఎక్కించింది. మావారు రాయగడలోనూ నేను బల్లార్షాలోనూ ఉన్న పదిహేను రోజులూ ఇద్దరం ఒకే పద్దును చూసుకోగలగడం, మొత్తాలు వాటంతట అవే కూడుకోవడం నిజంగా సుఖం. అంచనా వేసే దశకు నేను దాన్నే సిఫారసు చేస్తాను. లారీ దగ్గర మాత్రం పుస్తకమే నయం. దుమ్ము చేతులతో ఫోను తెరవడం కుదరదు. దారంతో కట్టిన పెన్సిలుతో రాయడానికి క్షణం చాలు. మేస్త్రీ ఎంత తీసుకున్నాడో రాసి అక్కడే అతని చేత సంతకం పెట్టిస్తే సాయంత్రం పేచీ ఉండదు.

లోపాలూ ఉన్నాయి. 2014 నాటి ధరలు ఇప్పుడు దేనికీ పనికిరావు, ఖర్చుల పేర్లు మాత్రమే పనికొస్తాయి. మూటలు కట్టిన పన్నెండు రోజుల నా శ్రమకు, మావారు వాడుకున్న సెలవులకు ఏ గడిలోనూ చోటు లేదు. తీసుకెళ్లాలా అమ్మేయాలా అన్న ప్రశ్నకు పుస్తకం జవాబు చెప్పదు: జయపురం నుంచి లారీలో పెద్ద చోటు ఇచ్చి తెచ్చిన సోఫాను బల్లార్షాలో ఎనిమిది నెలలకే 3,000కు అమ్మాం. అక్కడ కొన్న కూలర్‌ను మాత్రం రాయగడకు మోసుకురాకుండా 2,500కు అమ్మడం సరైన పని.

పుస్తకంలో ఇంకా నలభై పేజీల దాకా ఖాళీ ఉన్నాయి. నాలుగో బదిలీ మాట ఈ మధ్య వినబడుతోంది. ఊరి పేరు ఇంకా తెలియదు కానీ, పేజీకి గళ్లు గీసి, లారీ కిరాయికి పైన మొదటి పంక్తిలో ‘వీధి వెడల్పు, తీగల ఎత్తు, మెట్లు’ అని రాసి పెట్టాను.