ఓడినవాళ్ల గొంతు ఎక్కువగా వినిపించిన రేడియో: పదేళ్లు దాటిన వాడకం తర్వాత ఒక సమీక్ష

2014 ఫిబ్రవరి 18న లోక్‌సభలో తెలంగాణ బిల్లు ఆమోదం పొందుతున్న సమయంలో సభ ప్రత్యక్ష ప్రసారం ఉన్నట్టుండి ఆగిపోయినప్పుడు, పాలమూరులో మా వీధి వీధంతా అరుగుల మీదికి వచ్చి, లోపల ఏం జరుగుతోందో ఒకరినొకరు అడుగుతూ నిలబడిపోయింది. అరవై ఏళ్ల కొట్లాట తేలిపోయే ఘడియలో తెర ఖాళీగా మిగలడం నాకు మింగుడుపడలేదు. ఇకమీదట టీవీ ఒక్కదాన్నే నమ్ముకోకూడదనుకుని, ఆ ఏడాది ఆగస్టులో క్లాక్ టవర్ వైపు పాత రేడియోలు బాగుచేసే ఒక చిన్న దుకాణంలో రెండు వేల ఆరు వందల రూపాయలు పెట్టి ఈ షార్ట్‌వేవ్ రేడియో కొన్నాను. కంపెనీ పేరు రాయడం లేదు. ఆ మోడల్ తయారీ ఆగిపోయింది, పైగా దాని లోపాల గురించి కూడా చెప్పవలసి ఉంది. ఇదే తరహా రేడియోలు ఇప్పటికీ దొరుకుతున్నాయి కనుక, కొనాలనుకునే వారికి నా అనుభవం పనికి రావచ్చు.

చూడటానికి ఇది భోజనం క్యారియర్ మూతంత వెడల్పు ఉంటుంది. మూడు పెన్సిల్ సెల్లతో నడుస్తుంది, రోజుకు రెండు గంటలు వింటే సెల్లు నెలకు పైగా వస్తాయి. ముల్లు తిప్పుతూ వెతికే పని లేకుండా, అంకెల బటన్లు నొక్కి కావలసిన ఫ్రీక్వెన్సీకి నేరుగా వెళ్లవచ్చు. 738 అని నొక్కితే మీడియం వేవ్‌లో ఆకాశవాణి హైదరాబాద్ పలుకుతుంది. ఎఫ్‌ఎం గురించి చెప్పడానికి ఏమీ లేదు, అది ఏ ఫోనులోనైనా వస్తుంది.

అసలు పరీక్ష షార్ట్‌వేవ్‌లోనే ఉంది. పగటిపూట పై బ్యాండ్లు, రాత్రిపూట కింది బ్యాండ్లు బాగా పనిచేస్తాయన్న పాత సూత్రం దీనికీ వర్తిస్తుంది. అయితే రేడియోకు ఉన్న చిన్న ఏరియల్ ఇంటి లోపల దాదాపు అలంకారమే. డాబా మీద పిట్టగోడకు ఒక మూల నుంచి ఇంకో మూలకు పది మీటర్ల మామూలు వైరు కట్టి, దాని కొసను ఏరియల్‌కు క్లిప్పుతో తగిలించిన తర్వాతనే లండన్ నా గదిలోకి వచ్చింది. అప్పుడు కూడా ఇంట్లో ఎల్‌ఈడీ బల్బులు, ఇన్వర్టరు, ఫోను ఛార్జరు నడుస్తున్నంతసేపూ స్పీకరులో మిరపకాయలు వేయించినట్టు గరగర ఆగదు. ఈ మాట ఏ అట్టపెట్టె మీదా రాసి ఉండదు. కరెంటు పోయిన మరుక్షణం ఆ గరగర అంతా తుడిచిపెట్టుకుపోతుంది. 2014లో వానలు సరిగా కురవక, కరెంటు కోతలతో జనం విసిగిపోయి ఉన్న రోజుల్లో ఈ వీధిలో కోతను చూసి సంతోషించిన మనిషిని బహుశా నేనొక్కడినే అయి ఉంటాను.

అట్లాంటి ఒక కోతలోనే, బ్రిటన్ నుంచి విడిపోవాలా వద్దా అన్న స్కాట్లాండ్ ఓటింగు ఫలితం విన్నాను. 2014 సెప్టెంబర్ 18న అక్కడ ఓటింగు జరిగింది, మన లెక్కన 19వ తేదీ తెల్లవారుజాము నుంచి లెక్కింపు వార్తలు రావడం మొదలైంది. స్కాట్లాండ్ స్వతంత్ర దేశం కావాలా అన్న ఒకే ఒక ప్రశ్న, అవును, కాదు అన్న రెండే జవాబులు. 1996లో ఫ్లోరైడ్ నీళ్ల గోస దేశానికి తెలియాలని నల్లగొండ లోక్‌సభ స్థానంలో 480 మంది పోటీకి నిలబడగా, బ్యాలెట్ పత్రం పుస్తకమంత కావడం చూసినవాళ్లం మేము. ఒక దేశం భవిష్యత్తు అంత చిన్న కాగితంలో ఇమిడిపోవడం మాకు వింతగానే తోచింది. పదహారేళ్ల పిల్లలకు కూడా ఆ ఓటు హక్కు ఇచ్చారని విని, ముప్పై ఏళ్లు సాంఘిక శాస్త్రం చెప్పిన నేను కొంత అసూయ కూడా పడ్డాను.

మా ఎదురింట్లో ఉండే రిటైర్డ్ ఆర్టీసీ కండక్టర్ అన్న చాయ్ గ్లాసుతో వచ్చి అరుగు మీద కూర్చున్నారు. మొదటి ఫలితం క్లాక్మానన్‌షైర్ నుంచి వచ్చింది, అక్కడ దాదాపు 54 శాతం కాదన్నారు. ఆ పేరు వినబడగానే అన్న మన క్లాక్ టవర్ దాకా వార్త వచ్చిందా అని నవ్వారు. ఆ తర్వాత గంటల తరబడి పేర్లు, అంకెలు వస్తూనే ఉన్నాయి. మొత్తం 32 ప్రాంతాల్లో డండీ, గ్లాస్గో, పశ్చిమ డన్‌బార్టన్‌షైర్, ఉత్తర లానార్క్‌షైర్, ఈ నాలుగు మాత్రమే అవునన్నాయి. మన గడియారంలో పదిన్నర దాటేసరికి సంగతి తేలిపోయింది: కాదన్నవారు 55.3 శాతం, అవునన్నవారు 44.7 శాతం, ఓటు వేసినవారు 84.6 శాతం. పటాలు, రంగులు, కదిలే పట్టికలు లేకపోవడం వల్ల అంకెలను మనమే కాగితం మీద రాసుకోవలసి వచ్చింది. ఆ మేరకు రేడియోది తక్కువ స్థాయేనని ఒప్పుకోవాలి. నా రఫ్ నోటుపుస్తకంలో ఆ రోజు రాసుకున్న పేజీ ఇప్పటికీ ఉంది.

ఈ రేడియో తన ధరకు న్యాయం చేసింది మాత్రం అంకెలు అయిపోయిన తర్వాతనే. వీధుల్లోకి వెళ్లిన విలేకరులు మామూలు జనాన్ని మాట్లాడించడం మొదలుపెట్టాక, ఆ గొంతుల్లోని వణుకు, ప్రశ్నకూ జవాబుకూ మధ్య మిగిలిపోయిన ఖాళీ, వెనకాల ఎక్కడో వాహనాల మోత, ఇవన్నీ అరచేయి అంత స్పీకరులోంచి ఎంతో దగ్గరగా వినిపించాయి. టీవీలో అయితే ఏడుస్తున్న ముఖం కనబడగానే మనం మాటను వినడం మానేస్తాము. ఇక్కడ మాట తప్ప ఇంకేమీ లేదు. అన్న చాలాసేపు విని, గ్లాసు కింద పెట్టి, "గెలిచినోళ్లు ఏడవోయిండ్రు సారూ? పొద్దుగాల్నుంచి ఓడినోళ్లే మాట్లాడుతున్నరు గద" అన్నారు.

ఆ ప్రశ్నకు ఆ పూట నా దగ్గర జవాబు లేదు. తర్వాత ఆలోచిస్తే, అక్కడ గెలిచిన పక్షం అడిగింది ఉన్నది ఉన్నట్టు ఉండాలనే కనుక, వారిలో చాలామంది ఊపిరి పీల్చుకుని పనికి పోయి ఉంటారనిపించింది. ఉన్న ఇల్లు నిలిచిందని ఎవరూ గృహప్రవేశం చేయరు కదా. అయితే అందరూ అట్లా మౌనంగా ఉండిపోలేదు. ఆ సాయంత్రం గ్లాస్గో జార్జ్ స్క్వేర్‌లోకి బ్రిటన్ జెండాలతో కొందరు దూసుకురావడం, రెండు పక్షాల మధ్య పోలీసులు గీతలా నిలబడవలసి రావడం కూడా వార్తల్లో విన్నాము. ఆ రోజే, అవునన్న పక్షానికి నాయకుడు, స్కాట్లాండ్ ప్రభుత్వాధినేత అలెక్స్ శాల్మండ్ పదవి నుంచి తప్పుకుంటున్నట్టు ప్రకటించారు. ఓడినవారు మాత్రం ఇళ్లకు పోలేదు. 45 అనే అంకెనే గుర్తుగా పెట్టుకున్నారు. స్వాతంత్ర్యం కోరిన స్కాటిష్ నేషనల్ పార్టీకి ఓటింగుకు ముందు పాతిక వేల చిల్లరగా ఉన్న సభ్యత్వం ఆరు నెలలు తిరిగేసరికి లక్ష దాటింది, 2015 మే బ్రిటన్ పార్లమెంటు ఎన్నికల్లో స్కాట్లాండ్‌లోని 59 స్థానాల్లో 56 ఆ పార్టీకే దక్కాయి. ఈ వార్త కూడా ఇదే రేడియోలో విని, అరుగు మీదికి వెళ్లి అన్నకు చెప్పాను. 1969లో బడి బందు పెట్టి ఊరేగింపుల్లో తిరిగిన మనిషి ఆయన. 1971లో తెలంగాణ ప్రజా సమితి 14 లోక్‌సభ స్థానాల్లో 10 గెలిచి కూడా, ఆ గెలుపు కాంగ్రెస్‌లో కలిసిపోయి ఏమీ కాకుండా పోవడాన్ని చూసినవారు. గెలిచి పోగొట్టుకున్నది తెలిసినవారు గనుక, ఓడి సంపాదించుకున్న ఈ ముచ్చట ఆయనకు ఎంతో నచ్చింది.

2017 అక్టోబర్‌లో, స్పెయిన్ నుంచి విడిపోవాలా అని ఓటింగు పెట్టుకున్న కాటలోనియా వంతు వచ్చింది. స్పెయిన్ ప్రభుత్వం చెల్లదన్న ఆ ఓటింగులో పాల్గొన్నది 43 శాతమే అయినా, వేసినవారిలో 90 శాతం అవునన్నారు. అక్టోబర్ 3న అక్కడ సార్వత్రిక సమ్మె జరిగింది. 42 రోజుల సకల జనుల సమ్మెను బతికి చూసిన మాకు ఒక్కరోజు సమ్మె చిన్నదిగానే కనిపించింది కానీ, ఆ వార్తల్లో వినిపించిన ఒక చప్పుడును మాత్రం మరచిపోలేను. బార్సిలోనాలో జనం బాల్కనీల్లో నిలబడి గిన్నెలు, మూకుళ్లు మోగిస్తున్నారు. ఈ రేడియో స్పీకరుకు పల్చని లోహపు చప్పుడు ప్రాణమనే చెప్పాలి, బరువైన ధ్వనులు దీనికి చేతకావు, పాటలు వింటే మృదంగం డబ్బా మోతలాగే ఉంటుంది. కానీ ఆ గిన్నెల మోత ఎంత స్పష్టంగా వచ్చిందంటే, మా ఇంటావిడ వంటింట్లో ఏదో పడిందనుకుని లేచి వెళ్లి చూసి వచ్చింది. అదే వారంలో, 8వ తేదీన, స్పెయిన్‌తోనే ఉంటామన్న జనం కూడా బార్సిలోనా వీధుల్లో పెద్ద ఎత్తున కదిలారు. ఊరకుంటారనుకున్న పక్షం అక్కడ ఊరుకోలేదు. ఉన్నది ఉన్నట్టు ఉండాలనేవారు మౌనంగా ఉంటారన్న నా లెక్క ప్రతిచోటా పనిచేయదన్న సంగతి అట్లా తేలింది.

2019 డిసెంబరులో, పసిఫిక్‌లోని పాపువా న్యూ గినియాలో భాగమైన బూగెన్‌విల్ ద్వీపవాసులు 98 శాతానికి పైగా స్వాతంత్ర్యం కోరుకున్నారన్న వార్త రెండు నిమిషాల్లో ముగిసిపోయింది. అక్కడి జనం గొంతు నా రేడియోకు అందలేదు. పసిఫిక్ స్టేషన్లను పట్టడానికి పిట్టగోడ మీది వైరు సరిపోదు.

ఇక లోపాలు. సెల్లు పెట్టే అర మూత మూడో ఏటనే విరిగింది, దాని బదులు సైకిల్ ట్యూబు ముక్క పట్టీ వేసి నడుపుతున్నాను. సెల్లు మార్చిన ప్రతిసారీ గడియారం, నిల్వ చేసుకున్న స్టేషన్లు అన్నీ చెరిగిపోతాయి. తెర వెలుగు అయిదు సెకన్లకే ఆరిపోవడంతో చీకట్లో అంకెలు నొక్కడం ఊహ మీద ఆధారపడిన పని. ఇవన్నీ సర్దుకోవచ్చు. సర్దుకోలేనిది వేరే ఉంది, అది రేడియో తప్పు కూడా కాదు. 2020 జనవరి 31తో బీబీసీ హిందీ షార్ట్‌వేవ్ ప్రసారం ఆగిపోయింది, మిగిలిన స్టేషన్లు కూడా ఏటికేడు తగ్గుతున్నాయి. కాటలోనియా ఓటింగు మరునాడు, 2017 అక్టోబర్ 2న, బీబీసీ తెలుగు మొదలైంది కానీ, అది ఇంటర్నెట్ సేవ, దానికి ఏరియల్‌తో గానీ పిట్టగోడతో గానీ పని లేదు.

కాబట్టి అయిదింటికి మూడు మార్కులు ఇస్తాను. పాటల కోసం, క్రికెట్ కోసం, తెలుగు వార్తల కోసం అయితే ఈ తరహా రేడియో కొనవలసిన అవసరం లేదు. దూరదేశపు వార్తను విలేకరి మాటల్లోనే కాక అక్కడి మనిషి నోట వినాలనే కోరిక, ఇంగ్లీషు యాసలను ఓపికగా వినే అలవాటు, డాబా మీద వైరు కట్టుకునే చోటు ఉన్నవారు తీసుకోవచ్చు. కొనేముందు దుకాణంలోని బల్బులన్నీ ఆపించి ఒకసారి, వెలిగించి ఒకసారి విని చూడండి. నేను కొన్న దుకాణంలో ఇప్పుడు ఫోను కవర్లు అమ్ముతున్నారు గనుక చిరునామా ఇచ్చి లాభం లేదు. మా అన్న మాత్రం ఎక్కడో ఓటింగు జరుగుతోందని పేపర్లో చూస్తే చాలు, రాత్రి భోజనం కాగానే వచ్చి, ముందు ఇన్వర్టరు స్విచ్చి ఆపి, ఆ తర్వాతే అరుగు మీద కూర్చుంటారు.